ఎడారిలో ఎడం

జైసల్మేర్ నుంచి పడమటికి పోయే దారిలో సమ్ ఇసుక తిన్నెలు దాటి సుదాసరి వైపు మళ్లగానే, సినిమా పాటల్లో చూసిన ఎడారి వెనకబడిపోతుంది. ముందు పరుచుకునేది గులకరాళ్ల నేల, మోకాలెత్తు గడ్డి దుబ్బులు, జిల్లేడు మొక్కలు, ఆకు కనబడని కేర్ పొదలు, ఎక్కడో ఒంటరిగా ఒక జమ్మిచెట్టు. అంత దూరం వచ్చినవాళ్లకు ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కు ఇదే. 1980లో ప్రకటించారు. పేరు నేషనల్ పార్కే అయినా చట్టం లెక్కలో అభయారణ్యం. లోపల ఊళ్లున్నాయి, ఢాణీలనే చిన్న పల్లెలున్నాయి, మేకలు మేపుకునే మనుషులున్నారు. ఎక్కడ అడవి మొదలై ఎక్కడ ఊరు ముగిసిందో చెప్పడం కష్టం.

ఇలాంటి చోటికి వెళ్లేటప్పుడు ఎలా మెలగాలి అని అడిగితే అటవీశాఖ బోర్డు మీది నిషేధాలు గుర్తుకొస్తాయి. అరవకండి, చెత్త వేయకండి, దారి తప్పకండి. చదివి తలూపి ముందుకు పోతాం. అందం వేరు, ఆంక్ష వేరు అన్నది మన నమ్మకం. ఈ థార్ ఎడారిలో ఆ నమ్మకం నిలవదు. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యంలో రసానికి ఔచిత్యమే ప్రాణమని వాదించి, దాని మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఏది ఎక్కడ ఎంత ఉండాలో అంత ఉండటమే ఔచిత్యం. ఎడారిలో ఆ కొలత చూసేవాడికి కూడా వర్తిస్తుంది. ఎక్కడ నిలబడాలి, ఎంత ఎడంగా ఉండాలి అన్నది తేలాకే అక్కడి అందం కళ్లబడుతుంది.

ముందుగా గడ్డి. దాన్ని అక్కడివాళ్లు సేవణ్ అంటారు. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేలలో ఇది దుబ్బులు దుబ్బులుగా లేస్తుంది. వేళ్లతో ఇసుకను పట్టి ఉంచుతుంది. పశువుకు మేత, మిడతకు ఇల్లు, ఆ మిడత కోసం తిరిగే పిట్టకు పంట. పొద్దెక్కాక చూస్తే ఎండుగడ్డే. సూర్యుడు నేలను ఆనుకుని ఉన్న ఆ తొలి అరగంటలో మాత్రం ఎదురెండలో ప్రతి పోచా అంచు వెలిగించుకుని నిలుస్తుంది. గాలి వీస్తే ఆ వెలుగు దుబ్బు నుంచి దుబ్బుకు దాటుకుంటూ పోతుంది. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య ఖాళీ ఉండబట్టే ఆ దాటడం కంటికి కనిపిస్తుంది. ఉన్న కాస్త నీటిని పంచుకోవడానికి ఎవరి చోటు వారికి వదిలేసిన మొక్కల అమరిక అది. పచ్చిక బయలుకు లేని లయ ఈ గడ్డికి అలా వచ్చింది. జీపు దారి వదిలి అడ్డంగా పోతే చక్రం కింద పడేది ఈ లయే. దుబ్బు విరిగి వేరు కదిలితే, అది పట్టుకున్న ఇసుక గాలికి లేచిపోతుంది.

తర్వాత ఇసుక. పొద్దున్నే, ఇంకా ఎవరూ నడవని తిన్నె మీద రాత్రంతా జరిగిన కథ రాసి ఉంటుంది. గాలి తోసే వైపు వాలు నిదానంగా లేస్తుంది. అటువైపు అంచు దాటాక సుమారు 33 డిగ్రీల కోణంలో ఒక్కసారిగా జారుతుంది. ఎండిన ఇసుక అంతకంటే నిటారుగా నిలవలేదు, ఒక్క పిడికెడు ఎక్కువైనా జారి ఆ కోణానికే వచ్చి ఆగుతుంది. వాలు మీద సన్నని అలల గీతలు. వంగి దగ్గరగా చూస్తే గీత శిఖరం మీద ముతక రేణువులు, పల్లంలో మెత్తనివి తెలుస్తాయి. గాలి చెరిగి వేరు చేసి పెట్టింది. ఆ గీతలను కోస్తూ రెండు వరుసల చుక్కల కుట్టు ఒకటి పోతుంది. అది పేడపురుగు నడక. దాని పక్కన ఒకదానితో ఒకటి కలవకుండా, ఏటవాలుగా, సమాంతరంగా పడ్డ నొక్కులుంటే పింజర జాతి చిన్నపాము పక్కవాటుగా కదిలిపోయిందన్నమాట. ఒకే సూటి వరుసలో చిన్న పాదాల అచ్చులు సాగి, ఒక పొద దగ్గర ఆగి, తవ్వి, మళ్లీ సాగితే నక్క. అది నిజంగా కనబడినప్పుడు తోక కొస చూడాలి. తెల్లగా ఉంటే ఎడారి నక్క, నల్లగా ఉంటే మన ఊళ్లలోనూ తిరిగే గుంటనక్క.

ఈ రాత గంటో రెండు గంటలో ఉంటుంది. ఆ తర్వాత గాలి చెరిపేస్తుంది. గాలికంటే ముందు క్వాడ్ బైకు వస్తే చదివేవాడికి అక్షరం మిగలదు. అందుకే తెలిసిన గైడు తిన్నె నడినెత్తిన నడవనివ్వడు, పక్కనుంచి తీసుకుపోతాడు. మన అడుగులు కథలో పడకుండా మార్జిన్‌లో పడాలి.

ఇక ఈ నేలకు నాయకుడు. రాజస్థానీలో గోడావణ్, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, మనకు బట్టమేక పిట్ట. మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి లోకంలో బహు తక్కువ. నల్లటి తలపాగా, తెల్లటి మెడ, గోధుమరంగు వీపు. నడకలో తొందర ఉండదు. ఒక అడుగు వేసి, ఆగి, మెడ నిలిపి, దిక్కులన్నీ చూసి, ఇంకో అడుగు. రాజసం అనిపించేది నిజానికి జాగ్రత్త. దాక్కోవడానికి చెట్టులేని బయలులో దానికున్న రక్ష దూరమొక్కటే. ఆపద తన దగ్గరికి చేరకముందే కనబడాలి. ఆ పొడవాటి మెడ, పక్కలకు అమరిన కళ్లు, గడ్డి తక్కువగా ఉన్న చోట్లను ఏరుకోవడం, అన్నీ దూరాన్ని కాపాడుకోవడానికి కుదిరిన ఏర్పాట్లే.

ఎండాకాలం నుంచి వానల దాకా జతకూడే రోజుల్లో మగపిట్ట ఏటా తనకు అలవాటైన కాస్త ఎత్తైన నేల మీదికి వస్తుంది. తోకను వీపు మీదికి విప్పి పెడుతుంది. గొంతు కింది సంచిని గాలితో నింపితే, తెల్లటి తిత్తి ఒకటి రొమ్ము ముందు నుంచి కాళ్ల దాకా వేలాడుతుంది. ఆ తిత్తిలోంచి లోతైన హుంకారం. బయలంతా విస్తరించి ఎక్కడో మేస్తున్న ఆడపిట్టకు చేరాల్సిన పిలుపది. దూరం కోసమే పుట్టిన ధ్వని, దూరం నుంచి చూస్తేనే అమరే రూపం. దగ్గరికి పోతే తిత్తి తగ్గుతుంది, తోక వాలుతుంది, మెడ లేస్తుంది. నాయకుడు వేషం విప్పేస్తాడు. ఆ రుతువులో దాని ఆటస్థలాల చుట్టుపక్కలకు పోకపోవడమే మంచిది. సందర్శకుల కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా. మంచువేళ గడ్డిలో నడిచే పిట్ట కనబడితే అదే పండగ.

రసవిమర్శలో అనుభావాలని ఒక మాట ఉంది. లోపలి భావాన్ని బయటపెట్టే చేష్టలవి. నటుడి కనుబొమ కదిలితే సహృదయుడికి అర్థమవుతుంది. ఎడారిలో సహృదయత అంటే జంతువు అనుభావాలను చదవడం. మేస్తున్న బట్టమేక మేత ఆపి మెడ నిటారుగా నిలిపిందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. చింకారా జింక ముందుకాలితో నేలను తన్ని ముక్కుతో చీదితే హెచ్చరిక. రెక్క విరిగినట్టు కుంటుతూ ఒక చిన్న పిట్ట మీ ముందు పరుగెత్తితే గూడు మీ కాళ్ల దగ్గరే ఉంది. బట్టమేక గుడ్డు కూడా అలాగే, చాలావరకు ఒక్కటే, గూడు లేకుండా ఉత్త నేల మీదే ఉంటుంది. అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనక్కి తగ్గాలి. ఇది తెలిసినవాడికి బోర్డు అక్కర్లేదు.

మన పద్యనాటకాలకు ఒక ఘనమైన అలవాటుంది. రాగం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని కేకేస్తారు, శ్రీకృష్ణుడు రాయబారం ఆపి పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. నటుడికి అది సత్కారం. పక్షికి మాత్రం ప్రాణసంకటం. కూర్చున్న డేగ ఎగిరితే ఫొటో బాగుంటుందని రాయి విసరడం, ఫోనులో పిట్టకూత వినిపించి పొదలోంచి బయటికి రప్పించడం, గుంపు మీదికి డ్రోను పంపడం, పరుగెత్తే చింకారా వెంట జీపు తోలడం, ఇవన్నీ వన్స్ మోర్ కేకలే. రికార్డు కూత విన్న పిట్టకు అది పోటీదారు గొంతు. మేత మాని, గుడ్డు వదిలి, లేని శత్రువుతో తగువుకు వస్తుంది. నీళ్లూ నీడా తక్కువైన చోట ఒక్కో ఎగురుకూ లెక్క ఉంటుంది. చూడాలన్న మన కోరికే చూడబడేదాన్ని కరిగించేస్తే అది ఏ రసం?

ఈ కోరిక జబ్బుగా మారడం మనకూ తెలుసు. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని తెలంగాణలో ఆనవాయితీ. పొలం గట్టు దాకా నడిచి, ఆకాశం వంక చూసి, కరెంటు తీగ మీద నీలి రెక్కను వెతుక్కోవడంలో ఆ శుభం ఉండేది. వెతికే ఓపిక లేనివాళ్ల కోసం దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, వీధి వీధి తిప్పి డబ్బుకు చూపించేవాళ్లు బయల్దేరారు. చట్టం దాన్ని నేరమంటుంది. రసదృష్టితో చూసినా అది నేరమే. కనబడటం దాని ఇష్టం, వెతకడం మన వంతు అన్న ఒప్పందంలోనే దర్శనమన్న సంగతి పుట్టింది.

పొద్దు కాస్త ఎక్కాక నీటి దగ్గర జరిగేది ఇంకో ఘట్టం. పావురమంత ఉండే సాండ్‌గ్రౌస్ గుంపులు గొణుగుడు లాంటి కూతలతో ఎక్కడెక్కడి నుంచో వచ్చి కుంట అంచున వాలతాయి. గబగబా నాలుగు గుక్కలు తాగి లేచిపోతాయి. పిల్లలున్న మగది మాత్రం తొందరపడదు. నీళ్లలోకి దిగి పొట్టను అటూ ఇటూ ఊపుతుంది. దాని పొట్ట ఈకల్లోని సన్నని పోగులు పొడిగా ఉన్నప్పుడు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, తడిస్తే విచ్చుకుని నీటిని పట్టేస్తాయి. ఆ నీటి బరువుతో మైళ్లు ఎగిరి, నేల మీది పిల్లల ముందు నిలబడుతుంది. పిల్లలు పొట్ట కిందికి చేరి ఈకలు చప్పరించి దాహం తీర్చుకుంటాయి. 19వ శతాబ్దం చివర ఒకాయన ఈ సంగతి రాస్తే చాలామంది నమ్మలేదు. ఆఫ్రికాలోని ఎడారిలో చూసి 1967లో పరిశోధకులు రుజువు చేశారు. అద్భుతమూ వాత్సల్యమూ ఒకే పక్షి పొట్ట మీద కలిసిన చోటు అది. కుంట గట్టున మనం టిఫిను విప్పుకుని కూర్చుంటే ఆ మగపిట్ట దిగదు, గాల్లో ఒక చుట్టు చుట్టి ఖాళీగా పోతుంది. అవతల పిల్లలకు ఆ పూట నీళ్లు లేవు. కాబట్టి ఎడారిలో నీటి దగ్గర బస చేయకూడదు, తాగే నీళ్లు మనమే మోసుకుపోవాలి, అక్కడి కుంటలో చేతులు కూడా కడగకూడదు. తిని మిగిల్చినది వదిలేసి వస్తే దాని కోసం ఊరకుక్కలు చేరతాయి. అవి మరిగాక నేల మీది గుడ్డుకూ, చింకారా పిల్లకూ దిక్కుండదు.

జమ్మిచెట్టు దగ్గర తెలుగువాళ్లు కాస్త ఆగాలి. దసరాకు ఆకు కోసి బంగారమని పంచుకునే మన జమ్మే అక్కడి ఖేజ్డీ. తెలంగాణకూ రాజస్థాన్‌కూ అదే రాష్ట్రవృక్షం. చుట్టూ అంతా మాడిపోయే నడివేసవిలో అది కొత్త చిగురు వేస్తుంది. ఆకు మేకలకు మేత, కాయ సాంగ్రీ కూర, నీడలో సజ్జచేను బాగా పెరుగుతుంది. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయిలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. జైసల్మేర్ పల్లెల్లో దేవుడి పేర వదిలేసిన ఓరణ్ వనాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ పశువు మేయవచ్చు గానీ కొమ్మ నరకకూడదు. అంటే ఈ నేలను చూడటానికి వచ్చిన మనకు కట్టుబాటు నేర్పేవాళ్లు అటవీశాఖ కంటే ముందే ఇక్కడున్నారు. పసుల కాపరి నడిచిన దారినే నడవడం, అతణ్ని అడగకుండా ఫొటో తీయకపోవడం, అతను చెప్పిన చోట ఆగడం కూడా రసజ్ఞతలో భాగమే.

రాత్రి ఇంకొక పరీక్ష. తిన్నెల పక్కన గుడారాల వరుసల్లో స్పీకర్ల మోత, రంగుదీపాలు, దూరం నుంచే వినబడే సినిమా పాటలు. అదే నేల మీద మాంగణియార్ గాయకుడైన పెద్దాయన ఒకడు కమాయచా వాద్యం పట్టుకుని కూర్చుంటే వేరే సంగతి. మేకతోలు పరచిన ఆ గుండ్రటి బుర్ర మీద కమాను నడిస్తే వచ్చే నాదం కొంచెం బొంగురు, కొంచెం తడి. మైకు లేకుండా పదిమందికి సరిపోయేంత. పాటకూ పాటకూ మధ్య అతను కమాను ఎత్తినప్పుడు ఎడారి మళ్లీ వినిపిస్తుంది. దూరాన నక్క కూత, గడ్డిలో గాలి. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. మైకు కట్టిన పాటకు ఈ మధ్యఖాళీ లేదు. ఎడారికి వచ్చి ఖాళీని చెడగొట్టుకోవడానికి డబ్బు కట్టడం వింత. మైకులేని పాట అడిగితే పాడేవాళ్లున్నారు. అడిగేవాళ్లు పెరిగితే ఆ కమాయచాకు బతుకూ ఉంటుంది.

ఇన్ని చెప్పుకున్నాక, చూసేవాడు మర్యాదగా ఉంటే చాలా అంటే చాలదు. బట్టమేక మిగిలింది 150 లోపే అని అంచనా, అందులో ఎక్కువ భాగం ఈ థార్‌లోనే. దాన్ని ఇప్పుడు ఎక్కువగా చంపుతున్నవి కరెంటు తీగలు. తల వంచి నేలను వెతుక్కుంటూ ఎగిరే ఆ పిట్టకు పక్కలన్నీ కనిపిస్తాయి, నేరుగా ఎదురుగా ఉన్నది కనిపించదు. కనిపించే సమయానికి ఆ బరువైన ఒంటిని పక్కకు తిప్పుకోలేదు. బట్టమేక తిరిగే ప్రాంతమంతటా కరెంటు లైన్లను వీలైనంతవరకు భూమిలోంచి వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదన్న వాదనతో 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. మరోవైపు సమ్, రామ్‌దేవ్‌రాలలోని పెంపక కేంద్రాల్లో పిల్లలు పెరుగుతున్నాయి. 2024లో కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల పుట్టింది. ఆ కేంద్రాల్లోకి సందర్శకులను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. పిల్లలకు మనిషి అలవాటైతే బయట బతకలేవు.

ఇది రాజస్థాన్ గొడవ అని అనుకోవడానికి తెలుగువాడికి వీలు లేదు. మన కర్నూలు సీమలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు దగ్గర 1988లో సుమారు 614 హెక్టార్లు ఈ పిట్ట కోసమే కేటాయించారు.  కానీ చుట్టూ బీళ్లకు కాలువ నీళ్లొచ్చాయి, మెట్ట పంటల తీరు మారింది, మేతబీడు తరిగింది. కృష్ణజింకలు బాగానే ఉన్నాయి, బట్టమేక మాత్రం కనబడక ఏళ్లయింది. అక్కడ దాన్ని ఎవరూ కసిగా తరమలేదు. దానికి కావలసిన ఖాళీని తలాకాస్తా వాడుకున్నాం, అంతే. ‘బంజరు’ అని మనం రాసుకున్న నేల దాని లెక్కలో ఇల్లు. గడ్డినేలకు అందం ఉందని ఒప్పుకోని సంస్కారం చేసిన నష్టమిది. అడవి అంటే చెట్లేనని పిల్లలకు నేర్పినన్నాళ్లూ ఇలాంటి నేలను కాపాడమని అడిగే గొంతు ఉండదు. కాబట్టి థార్‌ను రసికుడిగా చూసి రావడం ఉత్త విహారం కాదు. అక్కడి గడ్డి బాగుందని మనసారా అనుకున్నవాడికి రోళ్లపాడు బీడూ బాగుంటుంది.

వెళ్లేవాళ్లకు ఇక చివరి మాట, కొంచెం లౌకికమైనది. జైసల్మేర్‌లోని అటవీశాఖ కార్యాలయంలో అనుమతి తీసుకుని, ఊరివాడైన గైడును కుదుర్చుకోండి. అతని సంపాదన టిప్పు మీద ఆధారపడుతుంది, టిప్పు పిట్ట ఎంత దగ్గరగా కనబడిందన్న దాని మీద. బండి గడ్డిలోకి దిగడానికి అసలు కారణం ఇదే, గైడుకు మర్యాద తెలియక కాదు. బయల్దేరేముందే అతనితో చెప్పండి, పిట్ట కనబడినా కనబడకపోయినా ఇచ్చేది ఇంత అని. దూరంగా మెడ ఒకటి గడ్డి మీద లేచినప్పుడు అతను ఇంజను ఆపి, ఇక ముందుకు పోనంటే, ఆ ఆపినందుకు మరికాస్త కలిపి ఇవ్వండి.